యాక్సిల్ మార్చినా ఆగని ఆ చప్పుడు గురించి

మా దగ్గరే బండి చేయించుకునే వారిలో కొందరికి ఈపాటికి సగం విషయం తెలిసే ఉంటుంది. మిగతా సగం నేనే చెప్పాలి. 18 ఏళ్ల కారు ఒకటి గత నెల మా షెడ్డులో 16 రోజులు ఉండిపోయింది. ఆక్సిలరేటర్ తొక్కగానే ఒక దెబ్బ, కాలు తీయగానే ఇంకో దెబ్బ. ఇంజను బలం ముందు చక్రాలకు అందే బండి. యాక్సిల్ అంటే గేర్‌బాక్సు నుంచి చక్రానికి బలం అందించే కడ్డీ (షాఫ్టు), దాని రెండు చివరలా వంగే జాయింట్లు. ఎడమ యాక్సిల్‌కు గేర్‌బాక్సు వైపు జాయింటును కప్పే రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగి, గ్రీజంతా కారిపోయి ఉంది. యాక్సిల్ మొత్తం మార్చాం. చప్పుడు పోలేదు.

సరుకు పంపిన వ్యాపారికి చెబితే ఇంకోటి పంపారు. అదీ అంతే. మూడోదీ అంతే. అప్పుడు ఆయన ఫోనులో అన్న మాట: “సరుకులో లోపం లేదు, మీ వాళ్లకు బిగించడం రాలేదు. గేర్‌బాక్సు విప్పి చూసుకోండి.” 22 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నన్నంటే సరిపెట్టుకునేవాణ్ణేమో, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలను అన్నారు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అయినా ఆ మాటకు నేను దాదాపు లొంగిపోయాను. గేర్‌బాక్సులో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల, అంటే డిఫరెన్షియల్, పళ్లు అరిగినా ఇలాంటి దెబ్బే వినిపిస్తుంది. గేర్‌బాక్సు దించాల్సి రావచ్చని బండి యజమానికి చెప్పేశాను కూడా. “మీకు ఏది సబబు అనిపిస్తే అది చేయండి” అన్నారాయన. ఆ ఒక్క మాటతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అంత పాత గేర్‌బాక్సును విప్పితే సీళ్లు, బేరింగులు అన్నీ మార్చాలి. వాటిలో సగం దొరకవు. తీరా లోపల ఏ తప్పూ లేకపోతే? బాగున్న గేర్‌బాక్సును నా చేతులతో పాడుచేసినట్టే. విప్పకుండా పంపితే, చేతకాక వదిలేశానని అనుకుంటారు. విప్పకూడదనే నిర్ణయించుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే మళ్లీ మొదటి నుంచి చూశాం. బండి నిలిపి ఇంజను వేగం పెంచితే చప్పుడు లేదు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, మొదటి గేరులో ఒకసారి, రివర్సులో ఒకసారి క్లచ్చు కొద్దిగా వదిలితే ఇంజను పెద్దగా ఊగడం లేదు, అంటే ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులు గట్టిగానే ఉన్నాయి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు మూడు సార్లు తిరుగుతుంది. చక్రంతో పాటు వచ్చే చప్పుడైతే ఆ లెక్కలోనే పడాలి. ఇది అలా లేదు. బలం దిశ మారిన ప్రతిసారీ ఒక్క దెబ్బ, అంతే. ఎక్కడో లూజు ఉంది. అది జాయింటులోనా, గేర్‌బాక్సులోనా?

ఎడమ చక్రం పైకి లేపి, ఇంజను ఆపి, గేరులో ఉంచాం. బూటుకు ఇటు షాఫ్టు మీద, అటు గేర్‌బాక్సు వైపు ఉండే జాయింటు బయటి గిన్నె మీద ఒకే వరుసలో సుద్దతో గీతలు గీసి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాం. గిన్నె మీది గీత కదలకముందే షాఫ్టు మీది గీత గోటి మందానికి రెండింతలు జరిగింది. పాత యాక్సిల్ ఇంకా షెడ్డు మూలనే ఉంది. దాన్ని వైసులో బిగించి అలాగే తిప్పితే, జరిగింది గోటి మందమే. గ్రీజు లేకుండా అరిగిన పాతదాని కన్నా, పెట్టెలోంచి తీసిన కొత్తది ఎక్కువ లూజు! మిగతా రెండింటినీ వైసులో పెట్టి చూశాం, అవీ అలాగే ఉన్నాయి. బండి కంపెనీవారి అసలు జాయింటు తెప్పించి పాత షాఫ్టుకే వేశాం. చప్పుడు ఆగింది. కూలి తీసుకోలేదు.

అయితే బిగించకముందే ఒక్కసారి చేత్తో తిప్పి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆ తప్పు పూర్తిగా నాది.

ఇక మీ సంగతి. ఆ వ్యాపారి సరుకు గత మూడు నెలల్లో 11 బండ్లకు వేశాం. అందరికీ నేనే ఫోను చేస్తున్నాను. చప్పుడు లేకపోయినా ఒకసారి తీసుకురండి, చూడటానికీ మార్చడానికీ డబ్బు తీసుకోను. ఇకపై షాఫ్టు బాగుంటే జాయింటు మాత్రమే మారుస్తాం. సరుకు రావడానికి నాలుగైదు రోజులు ఎక్కువ పట్టవచ్చు, దయచేసి ఓపిక పట్టండి. తొందరపెట్టినా ఆ పాత చోట మాత్రం కొనను.

వచ్చే ముందు చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించి చెప్పండి. స్టీరింగు పూర్తిగా తిప్పి పోతున్నప్పుడు టకటకమంటే, అది ఎక్కువగా చక్రం వైపు జాయింటు. ఆ ఒక్క ముక్క చెబితే మాకు సగం రోజు కలిసొస్తుంది.

ఆ మూడు యాక్సిళ్లనూ తిరిగి పంపలేదు. షెడ్డు ముందు బల్ల మీద పెట్టాను. చూడాలనుకున్న వారు మీ చేత్తోనే తిప్పి చూడవచ్చు.