విమానం ఎక్కేముందు ఇవి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

జర్మనీ చదువుల మీద మీరు వేస్తున్న కథనాలు ఇక్కడ స్టుట్‌గార్ట్‌లో మేమూ చదువుతున్నాం. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతా) 11,904 యూరోలు, మన చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా స్లాట్లు అన్నీ వివరంగానే ఉంటున్నాయి. దిగాక ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలో మాత్రం మీరూ రాయడం లేదు, లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలూ చెప్పడం లేదు.

మా బిల్డింగ్ పై అంతస్తులో మన పిల్లలు నలుగురు ఉంటున్నారు. ఒకరోజు వాళ్ల తలుపుకి ఎవరో చీటీ అంటించారు. "చూడన్నా, మనవాళ్లంటే వీళ్లకి పడదు" అంటూ నా దగ్గరికి తెచ్చారు. చదివితే సంగతి వేరు. ఆ వారం మెట్లు ఊడ్చే వంతు వాళ్లది, ఊడవలేదు. ఈ ప్రాంతంలో దాన్ని కేర్‌వోహె అంటారు. వంతు ఎవరిదైతే వాళ్ల తలుపుకి చిన్న బోర్డు వేలాడుతుంది. ఊడ్చి, తుడిచి, బోర్డును పక్కింటి తలుపుకి తగిలించాలి. కింది ఇంటి పెద్దావిడ మోకాళ్ల నొప్పులతోనే తన వంతు చేస్తుంది. మరి కుర్రాళ్లు చేయకపోతే ఊరుకుంటుందా?

వివక్ష లేదని నేను అనను. అద్దె ఇల్లు వెతికేటప్పుడు అది నాకూ తగిలింది. కానీ ప్రతి చీటీనీ అదే ఖాతాలో రాసుకుంటే టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు.

ఆదివారం షాపులు మూత. చప్పుడవుతుందని ఆ రోజు గోడకి డ్రిల్లు వేయకూడదు, ఖాళీ సీసాలు వీధి డబ్బాలో పడేయకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు ఉండకూడదు. ఈ విషయంలో తల్లిదండ్రులకూ ఒక మనవి. మీరు పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగుతూ వీడియో కాల్ చేస్తారు. చలికాలంలో ఇక్కడ అప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. మనవాడు స్పీకర్ పెట్టి మాట్లాడతాడు, పక్కగదిలో వాళ్లు లేచి కూర్చుంటారు.

అన్నిటికంటే నష్టం పోస్టు డబ్బా మీద పేరు రాసుకోకపోవడం వల్ల. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి. పేరు కనబడకపోతే వెనక్కి పోతాయి. ఇక రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తే "మనకి టీవీయే లేదు, ఇదేదో మోసం" అని చించేస్తారు. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. నలుగురున్నా ఒక్కరు కడితే చాలు.

నడిచి రోడ్డు దాటేటప్పుడు, బండి ఒక్కటీ లేకున్నా ఎర్రలైటు దగ్గర నిలబడటం నాకు ఇప్పటికీ విసుగే. పక్కన బడిపిల్లలు చూస్తుంటారు కాబట్టి నిలబడతాను.

అక్టోబరులో శీతాకాలం సెమిస్టర్ మొదలవుతుంది. ఆగస్టు నుంచైనా మీ విద్యా పేజీలో వారానికి ఒక చిన్న కాలమ్ ఇవ్వండి. రాసిపెట్టడానికి ఇక్కడ నాతోపాటు ఇంకొందరు సిద్ధంగా ఉన్నారు.

- ఖమ్మం వాసి, స్టుట్‌గార్ట్, జర్మనీ