నాలుగు ఊళ్ల పేర్లు పంపావు కదా

శ్రీకాకుళం,
మే నెల, ఆదివారం

చి. ల. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు.

డల్లాస్ వైపు నుంచి షికాగోకి మారుతున్నాం, చుట్టుపక్కల ఎక్కడ ఇల్లు చూసుకోవాలి అని నువ్వు పంపిన నాలుగు ఊళ్ల పేర్లూ డైరీలో రాసుకుని, ఫోనులో మ్యాపు తెరిచి కూర్చున్నాను. ఎవాన్‌స్టన్, డౌనర్స్ గ్రోవ్, నేపర్‌విల్, ఓస్వేగో. "షికాగో అంటే సరస్సు ఒడ్డు ఊరమ్మా, డల్లాస్‌లా కాదు" అని మీ అమ్మతో అన్నావట. ఆవిడ వీధంతా చెప్పేసింది. ఈ నాలుగింట్లో సరస్సు కనబడేది ఎవాన్‌స్టన్‌లో ఒక్కటే తల్లీ. నేపర్‌విల్ నుంచి షికాగో ఒడ్డుకి నలభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. ఓస్వేగో దానికి ఇంకా పడమట. అక్కడ ఉండేవాళ్లు మిషిగన్ సరస్సు చూడాలంటే ఆదివారం పిల్లల్ని కారెక్కించుకుని బయల్దేరాల్సిందే. నన్నడిగితే కిటికీలోంచి కనబడకపోయినా ఫర్వాలేదు, కుళాయిలోంచి వస్తే చాలు. ఉద్యోగమంతా ఆర్‌డబ్ల్యూఎస్‌లో, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖలో చేసినవాడు ఇంకేం అంటాడులే అనుకో.

మీరిద్దరూ స్కూలు రేటింగులు చూసి ఈ ఊళ్లు ఏరారని తెలుస్తూనే ఉంది. నేను వేరే లెక్క కట్టాను. అల్లుడుగారు పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి వస్తారు. పెద్దాడు బడికి పోతాడు. పగలంతా ఆ ఇంట్లో ఉండేదెవరు? ఇంట్లోంచే ఉద్యోగం చేసుకునే నువ్వు, చంటిది, వంతులవారీగా దిగే మేమో మీ అత్తగారూ మామగారో. డల్లాస్ పక్క మీ ఫ్రిస్కో వచ్చినప్పుడు మీ అమ్మ ఆ ఎండలో కాలనీ గేటుదాకా నడవడం, పలకరించడానికి ఒక్క మనిషీ కనబడక తిరిగి రావడం, ఇదే పని. ఆర్నెల్లూ అంతే. అందుకని ముందు పగటి మనుషులకి ఏటి కావాలో చూసి, రేటింగు తర్వాత చూడు.

మొదట నీళ్లు. ఉద్దానం సంగతి నీకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బుకి కారణం నీళ్లేనని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. అయినా హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చి ఇచ్చారు, 2023 డిసెంబరులో. కారణం తేలేదాకా కూర్చోకుండా ముందు నీళ్లు మార్చడం సరైన పనే. ఆ వైపు పని చేసి వచ్చినవాణ్ని కాబట్టి ఏ ఊరి పేరు విన్నా నేను మొట్టమొదట అడిగేది అక్కడ తాగేది బోరు నీళ్లా, నదో సరస్సో ఇచ్చే పై నీళ్లా అని.

షికాగో వాళ్ల నీళ్ల కథ చదవడం మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా వదల్లేకపోయాను. వాళ్లు తాగేది సరస్సు నీళ్లే. అప్పట్లో ఊరి మురుగు నది వెంట పోయి కలిసేది కూడా ఆ సరస్సులోనే. ఇలా కుదరదని కాలువ తవ్వి 1900లో ఏకంగా నదినే వెనక్కి తిప్పారు. ఇప్పటికీ అది సరస్సులోంచి బయటికే పారుతుంది. మన పాత శ్రీకాకుళం జిల్లా లాంటివి పది పట్టేంత సరస్సు అది, దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు. అయినా అడిగిన ఊరికల్లా నీళ్లివ్వరు. ఇలినాయ్ రాష్ట్రం సెకనుకి 3,200 ఘనపుటడుగులకి మించి మళ్లించుకోకూడదని 1967లో వాళ్ల సుప్రీంకోర్టు కట్టడి చేసింది. వంశధార మీద ఒడిశాతో మన పేచీ చూసినవాళ్లకి ఇదేం వింత కాదు.

నీ నాలుగు ఊళ్లలో ఎవాన్‌స్టన్ తన నీళ్లు తనే సరస్సులోంచి తోడి శుద్ధి చేసుకుంటుంది, పక్క ఊళ్లకి అమ్ముతుంది కూడా. డౌనర్స్ గ్రోవ్‌కీ నేపర్‌విల్‌కీ షికాగోలో శుద్ధి చేసిన సరస్సు నీళ్లే డ్యూపేజ్ వాటర్ కమిషన్ పైపుల్లో వస్తాయి. ఆ కమిషన్ నీళ్లివ్వడం మొదలుపెట్టింది 1992లో. ఓస్వేగో మాత్రం లోతు బోర్ల మీద పెరిగిన ఊరు. ఆ చుట్టుపక్కల భూగర్భజలం అడుగంటుతోంది. జోలియట్ అంతటి ఊరే 2030కల్లా సరస్సు నీళ్లు తెచ్చుకోవడానికి షికాగోతో ఒప్పందం చేసుకుంది. ఓస్వేగో కూడా సరస్సు నీళ్లకి మారే ప్రయత్నంలోనే ఉంది. అంత పైపులైను ఖర్చు చివరికి నీళ్ల బిల్లు మీదే పడుతుంది. అక్కడ ఇళ్లు పెద్దవీ, చవకా అని రాశావు. ఆ చవకలో ఇది కలిపినట్టు లేదు.

నీళ్లు మంచివైతే సరిపోదు, గొట్టం కూడా చూడాలి. షికాగోలో 1986దాకా వీధి పైపు నుంచి ఇంటికి వచ్చే కనెక్షన్ సీసం గొట్టంతోనే వెయ్యాలని నిబంధన ఉండేది. ఆ నగరంలో ఇప్పటికీ దాదాపు నాలుగు లక్షల కనెక్షన్లు అలాంటివే, అమెరికాలో మరే ఊళ్లోనూ అన్ని లేవు. ఎవాన్‌స్టన్ పాత ఇళ్లకీ ఈ బెడద ఉంది. డౌనర్స్ గ్రోవ్, నేపర్‌విల్ పాత వీధుల్లో ఇల్లు చూస్తే అడిగి తెలుసుకోవాల్సిందే. సీసం చిన్నపిల్లల మెదడుకి చేటు, మీ ఇంట్లో చంటిది ఉంది. "కాచి తాగితే సరి" అంది మీ అమ్మ. కాస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు. నీళ్లు మరిగి తగ్గినకొద్దీ మిగిలినవాటిలో సీసం ఇంకా చిక్కబడుతుంది. ఇలినాయ్‌లో 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఏ ఇంటికి ఏ గొట్టం ఉందో నీటి సరఫరా వాళ్లు జాబితా తయారు చెయ్యాలి. అద్దె ఇల్లయినా సరే, చిరునామా చెప్పి అడుగు. సీసమని తేలితే, సీసాన్ని తగ్గిస్తుందని సర్టిఫికెట్ ఉన్న ఫిల్టర్ పెట్టించు. వంటకి వేన్నీళ్ల కుళాయి అసలు తిప్పకు.

బేస్‌మెంటు గురించి నిర్మొహమాటంగా చెప్తున్నాను. నువ్వు పంపిన ఫొటోల్లో "పెద్దవాళ్లకి విడి గది" అని చూపించినవన్నీ నేల కింద ఉన్నాయి. మేం అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఊరివాళ్లం. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దుగూకుతుంది. ఉన్న ఆ కాస్త ఎండా తగలకుండా మమ్మల్ని నేలమాళిగలో పడుకోబెడతారా? మీ అత్తగారు మొహమాటస్తురాలు, ఆవిడ అడగరు. ఆవిడ తరఫున కూడా నేనే అడుగుతున్నాను. వీధి అంతస్తులో, దక్షిణం వైపు కిటికీ ఉన్న గది ఒకటి చూడు, చిన్నదైనా ఫర్వాలేదు.

పైగా ఆ నేలమాళిగల్లోకి నీళ్లొస్తాయి. 2023 జూలై 2న కురిసిన కుండపోతకి సిసెరో, బెర్విన్‌లలో ఎన్నో ఇళ్ల బేస్‌మెంట్లు మునిగాయి. ఆ రెండు ఊళ్లూ అల్లుడుగారు ఎక్కబోయే రైలు దారిలోనివే. పాత ఊళ్లలో వాన నీళ్లకీ మురుగుకీ ఒకటే గొట్టం కావడంతో అది నిండితే వెనక్కి తన్నుతుంది. 1975లో మొదలుపెట్టి భూమి కింద పెద్ద పెద్ద సొరంగాలు తవ్వారు, అయినా పెద్ద వానకి చాలడం లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేలమాళిగలో చేరే నీళ్లు బయటికి తోడే సంప్ పంప్ ఎక్కడుందో చూపించమను. కరెంటు పోతే అది బ్యాటరీ మీద నడుస్తుందా అని అడుగు. గోడల అడుగున చెమ్మ గీత ఉందేమో నువ్వే వంగి చూడు. నేల కింద గదుల్లో రాడాన్ అనే హాని చేసే వాయువు చేరుతుందట, దానికీ పరీక్ష ఉంది, చేయించమను.

ఇక నడక, రైలు. మన శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. టికెట్ మీద పేరు మనదే, రైలు దిగాక మాత్రం ఇంకో పది కిలోమీటర్ల పైచిలుకు ఆటోనో బస్సో. నేపర్‌విల్ దక్షిణం కొసన ఇల్లు తీసుకుంటే అల్లుడుగారికి రోజూ అదే అవస్థ. పాత ఊళ్లో, స్టేషను దగ్గర తీసుకుంటే వేరే సంగతి. అక్కడి నుంచీ, డౌనర్స్ గ్రోవ్ మెయిన్ స్ట్రీట్ నుంచీ మెట్రా అనే శివారు రైళ్ల బీఎన్ఎస్ఎఫ్ లైను మీద బండి సూటిగా షికాగో యూనియన్ స్టేషనుకి పోతుంది. నది దాటితే ఆయన ఆఫీసు. ఓస్వేగోకి ఆ బండే లేదు, అరోరాతో ఆగిపోతుంది. ఎవాన్‌స్టన్‌కి మెట్రా రైలూ, షికాగో నగరపు ఎల్ రైలూ రెండూ ఉన్నాయి. అక్కడ మెట్రా బళ్లు మన దేశంలోలా ఎడమ పట్టాల మీద నడుస్తాయట. అమెరికాలో ఎడమ పక్కన ఏదైనా నడుస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

స్టేషను పక్కన ఉంటే లాభం అల్లుడుగారికంటే మీకే ఎక్కువ. డౌనర్స్ గ్రోవ్‌లో స్టేషన్నీ, దుకాణాల వీధినీ, లైబ్రరీనీ నడిచి చుట్టి రావచ్చు. నేపర్‌విల్‌లో నది పక్కన 1981లో కట్టిన ఇటుకల బాట ఉంది, రివర్‌వాక్ అంటారు. చంటిదాన్ని బండిలో పెట్టుకుని మీ అమ్మ ఒక్కర్తీ వెళ్లి రాగలదు. కూరగాయలకీ, అరోరా బాలాజీ గుడికీ, లెమాంట్ రాముడి గుడికీ ఎలాగూ కారు తీయాల్సిందే, అవి వారానికోసారి పనులు.

స్కూలు గురించి ఒక్క మాట. ఊరి పేరు చూసి స్కూలు ఇదేనని అనుకోకు. నేపర్‌విల్లో కొంత భాగం 203 స్కూల్ డిస్ట్రిక్ట్, కొంత 204, ఆ 204 అరోరాలోకీ పోతుంది. నిర్ణయించేది ఇంటి చిరునామా. పన్నుల్లో నీకు కొత్తది రాష్ట్ర ఆదాయపు పన్ను, టెక్సస్‌లో లేదు, ఇలినాయ్‌లో 4.95 శాతం. ఇంటి పన్ను టెక్సస్‌లోలాగే భారీ, పైగా బిల్లు ఒక ఏడాది వెనక వస్తుంది.

నా ఓటు డౌనర్స్ గ్రోవ్‌కి, స్టేషనుకి నడిచేంత దూరంలో. రెండోది నేపర్‌విల్ పాత ఊరు. ఎవాన్‌స్టన్ నాకూ నచ్చింది గానీ ఆ ధరకి మీకు మిగిలేది చిన్న ఫ్లాటు, మీ అత్తగారొస్తే మేం రాలేం. ఓస్వేగో వద్దు. ఏదైనా సరే, ఏడాదిపాటు అద్దెకుండి ఒక చలికాలం గడిపాకే కొనే మాట ఎత్తండి. మీరు చూస్తున్నది మే నెల షికాగో, అప్పుడు ఏ ఊరైనా బాగానే ఉంటుంది.

పెద్దాడి స్కూలు ఆగస్టులో మొదలు. అద్దె కాగితం చూపిస్తేనే చేర్చుకుంటారు కాబట్టి జూలైలోగా ఇల్లు తేలాలి, బేగి చూడండి. నచ్చిన ఇళ్ల చిరునామాలు నాకు పంపు, స్టేషనుకి ఎంత నడకో మ్యాపులో నేను కొలుస్తాను, గొట్టం సంగతి నువ్వు ఫోను చేసి కనుక్కో. కొత్తావకాయ కలిపింది మీ అమ్మ. అడ్రసు తేలేదాకా పార్సిలు కట్టనంటోంది.

నాన్న