వార్షిక నివేదిక 2024–25: సమావేశ మందిర నిర్మాణం, స్థలంలోని చెట్ల పరిరక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ 1 నుండి 2025 మార్చి 31 వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేపట్టిన కార్యక్రమాల నివేదికను కార్యవర్గం తరఫున సమర్పిస్తున్నాను. వీధి దీపాలు, మంచినీరు, కాపలా మొదలైన నిత్య వ్యవహారాల వివరాలు జమాఖర్చుల పట్టికతో పాటు ఇదివరకే మీకు అందాయి కనుక వాటిని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా దాదాపుగా ఒకే పనికి, అంటే కొత్త సమావేశ మందిరానికి, దాని స్థలంలో ఉన్న చెట్లకు పట్టింది.

గత సర్వసభ్య సమావేశంలో మీరు చూసిన తొలి నక్షాలో ఆ స్థలం ఖాళీ జాగాగానే కనిపించింది. హద్దులు, రోడ్డు, ప్రహరీ, కరెంటు స్తంభం అన్నీ ఉన్నాయి గానీ చెట్లు మాత్రం లేవు. ఇది మన ఆర్కిటెక్టు ఒక్కరి తీరు కాదు. నగరంలో చాలా నక్షాలు ఇలాగే తయారవుతాయి. భవనం ఎక్కడ వస్తుందో ఖరారయ్యాక చెట్ల సంగతి చూస్తే ప్రతి చెట్టూ అడ్డంగానే కనిపిస్తుంది. కాబట్టి నక్షా పనిని ఆపి, ముందుగా చెట్ల సర్వే చేయించాలని కార్యవర్గం తీర్మానించింది. దీనివల్ల పని ఆలస్యమవుతుందని కొందరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. ఆలస్యం నిజమే గానీ, అది అవసరమైన ఆలస్యమని నా అభిప్రాయం.

సర్వే నవంబరులో జరిగింది. చెట్టుకో సంఖ్య ఇచ్చి, మేకులు కొట్టకుండా వదులుగా తాడుతో రేకు బిళ్లలు కట్టించాం. జాతి, ఎత్తు, కాండం చుట్టుకొలత, నాలుగు దిక్కులా కొమ్మల విస్తీర్ణం, తొర్రలు, మొదలు దగ్గర పుట్టగొడుగులు, చెదల జాడ, ఒరుగు అన్నీ నమోదయ్యాయి. వర్గీకరణకు మన సలహాదారు సూచనపై నిర్మాణ స్థలాల్లోని చెట్లకు సంబంధించిన 2012 నాటి బ్రిటిష్ ప్రమాణం 5837ను అనుసరించాం. దాని ప్రకారం ఇంకా నలభై ఏళ్లకు పైగా నిలవగల మేలైన చెట్టు ‘ఎ’, కనీసం ఇరవై ఏళ్లు నిలిచేది ‘బి’, పదేళ్లు నిలిచేది లేదా ఇంకా లేతగా ఉన్నది ‘సి’, పదేళ్లయినా నిలుస్తుందన్న నమ్మకం లేనిది ‘యు’. ‘ఎ’, ‘బి’ చెట్లను కాపాడుకుంటూ భవనం గీయాలి. ‘సి’ చెట్టు కోసం భవనాన్ని జరపవలసిన పని సాధారణంగా ఉండదు.

ఈ లెక్కన రావిచెట్టు, పెద్ద వేప ‘ఎ’లోకి, కానుగలు, నిద్రగన్నేరు ‘బి’లోకి, గోడవారన తమంతట తామే మొలిచిన సుబాబుల్ మొక్కలు ‘సి’లోకి వచ్చాయి. మొదలంతా డొల్లబారి రోడ్డువైపు ఒరిగిన మరో నిద్రగన్నేరును ‘యు’గా తేల్చారు. వేప విషయంలో మాత్రం చర్చ జరిగింది. ఆ సమయానికి దాని కొమ్మల చివరలన్నీ గోధుమరంగుకు తిరిగి, మంటకు కమిలినట్టు వేలాడుతున్నాయి. చచ్చిపోయిన చెట్టు కోసం మందిరాన్ని ఎందుకు జరపాలని అడిగినవారూ ఉన్నారు. 2021 నుండి తెలంగాణ అంతటా వేపలను పట్టి పీడిస్తున్న ఎండుతెగులు అది. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వర్షాకాలం చివర ముదిరి కొమ్మల కొసలను ఎండబెడుతుంది గానీ, బలమైన చెట్లు ఎండాకాలం మొదట్లో చాలావరకు మళ్లీ చిగురిస్తాయి. అందుచేత వేపను ఉండే చెట్టుగానే లెక్కవేసి నక్షా గీయించి, తుది నిర్ణయం మార్చికి వాయిదా వేశాం. మార్చి రెండో వారానికల్లా ఎండు కొసల కింది నుంచి ఎర్రని చిగుళ్లు గుత్తులుగా వచ్చాయి.

సర్వేలో అందరికీ కొత్తగా తోచినది వేర్ల లెక్క. నీడ పడినంత మేరకే వేర్లు ఉంటాయని, లోతుకు దిగి ఉంటాయని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి చెట్టుకు నీరు, పోషకాలు అందించే వేర్లలో అధికభాగం పై అరవై సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. మొరం, దాని కింద రాయి ఉన్న హైదరాబాదు నేలలో లోతుకు దిగే వీలు మరీ తక్కువ. పైన చెప్పిన బ్రిటిష్ ప్రమాణం ప్రకారం ఛాతీ ఎత్తున, అంటే నేల నుండి మీటరున్నర పైన, కాండం వ్యాసాన్ని కొలిచి, దానికి పన్నెండు రెట్ల దూరం వరకు చుట్టూ ఉన్న నేలను ముట్టుకోకూడదు. మన వేప చుట్టుకొలత 188 సెంటీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు, కాబట్టి 7.2 మీటర్ల వ్యాసార్ధంతో దాదాపు 163 చదరపు మీటర్ల నేల దానిది. రావికి ఇంతకన్నా ఎక్కువే వస్తుంది గానీ ఆ ప్రమాణం 15 మీటర్ల దగ్గర పరిమితి పెట్టింది.

చెట్ల చుట్టూ ఇలా లెక్కవేసిన రక్షణ వలయాలను కాగితం మీదే వదిలేయకుండా స్థలంలో సున్నంతో గీయించి ఒక ఆదివారం సభ్యులను పిలిచాం. తొలి నక్షాలోని వంటగది, సంపు, మురుగు పైపు మూడూ వేప వలయంలోనే ఉన్నాయని అక్కడ నిలబడి చూసినప్పుడు వేరే వివరణ అవసరం లేకపోయింది.

సవరించిన నక్షాలో మందిరం పడమటి వైపుకు జరిగింది. సంపు, మురుగు పైపు రెండూ ఎదుటి హద్దు వెంట వెళ్లాయి. రావి వలయంలోకి కొద్దిగా చొచ్చుకొచ్చే వరండాకు గోడ పొడవునా పునాది కందకం తవ్వకుండా, విడివిడి స్తంభాల గుంతలు మాత్రమే తీసి, వాటిని నేలకు పైన దూలాలతో కలిపాం. ఆ గుంతలను జేసీబీతో కాక మనుషులతో, వేరు ఎక్కడుందో చూసుకుంటూ తవ్వించాం. బొటనవేలి కన్నా లావైన వేరు అడ్డొచ్చిన ఒకచోట స్తంభాన్నే జరిపారు. వాహనాలు నిలిపే చోట నేలను తవ్వకుండా, ఉన్న మట్టి మీదే ఇసుక పరచి నీరింకే పేవర్లు వేయించాలని నిర్ణయించాం. ఈ మార్పులతో ఖర్చు కొంత పెరిగింది, మందిరం కొంత చిన్నదైంది.

అనుమతుల సంగతి. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం, అంటే వాల్టా ప్రకారం సొంత స్థలంలోని చెట్టునైనా అధీకృత అధికారి అనుమతి లేకుండా కొట్టకూడదు. ‘యు’ చెట్టుకు, సుబాబుల్‌కు అటవీశాఖకు ఫొటోలతో దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాకే తీయించాం. ముందు కొట్టేసి తర్వాత జరిమానా కడదామన్న సలహా కూడా వచ్చింది. ఆగ్రా పరిసరాల్లోని రక్షిత మండలంలో 454 చెట్లు అక్రమంగా నరికిన కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున కట్టమన్న విషయాన్ని ఆ సలహా ఇచ్చినవారికి గుర్తు చేయవలసి వచ్చింది. వేపను పెకలించి వేరేచోట నాటవచ్చు కదా అని కూడా అడిగారు. మర్రి, రావి జాతులు వేర్ల కోతను తట్టుకున్నట్టుగా వేప వంటి చెట్లు తట్టుకోవు. పెద్ద చెట్టును లేపాలంటే వేర్లలో అధికభాగాన్ని నరకక తప్పదు, ఆపైన ఏళ్ల తరబడి నీళ్లు పోయాలి. ఉన్నచోట ఉంచే దారి లేనప్పుడే ఆ మాట ఆలోచించాలి.

ఫిబ్రవరిలో పునాది పని మొదలుకాక ముందే వలయాల చుట్టూ ఇనుప గొట్టాలు పాతి జాలీ కట్టించాం. కంకర, ఇసుక, ఇనుము ఏదీ లోపల పోయకూడదని, జేసీబీ, లారీలు లోపలికి రాకూడదని ఒప్పందంలో రాయించాం. బరువుకు మట్టి బిగిసిపోతే వేర్లకు గాలి అందదు. ఇంత చేసినా ఒక కానుగ దగ్గర పనివారు జాలీ విప్పి కాంక్రీటు తొట్టి కడిగిన నీళ్లు పారబోశారు. సిమెంటు నీటిలో క్షారం ఎక్కువ, వేర్లకు హానికరం. తడిసిన పైమట్టిని చేతిపారలతో తీయించి, కొత్త మట్టి, పశువుల ఎరువు వేయించి, ఆ ఖర్చును కాంట్రాక్టరు బిల్లులో తగ్గించాం. ఆ తర్వాత కాపలా మనిషి బాధ్యతల్లో జాలీని రోజూ చూడటాన్ని కూడా చేర్చాం.

వేర్లకు తగిలిన దెబ్బ వెంటనే పైకి తెలియదు. రెండు మూడు వర్షాకాలాలు గడిచాక పైకొమ్మలు పలచబడటంతో బయటపడవచ్చు. అప్పటికి కాంట్రాక్టరు లెక్కలు తేలిపోయి ఉంటాయి. అందువల్ల రాబోయే సమావేశంలో కార్యవర్గం రెండు తీర్మానాలు ప్రవేశపెడుతోంది. కాంట్రాక్టరు జమానతు సొమ్ములో చెట్ల రక్షణ కోసం పట్టి ఉంచిన భాగాన్ని మూడో వర్షాకాలం ముగిశాకే విడుదల చేయాలన్నది మొదటిది. చెట్ల నమోదు పుస్తకాన్ని ఏటా మార్చిలో, వేప చిగురించే సమయంలో, తిరిగి రాయించేందుకు నిర్వహణ నిధి నుండి సొమ్ము కేటాయించాలన్నది రెండోది. ఈ రెండింటినీ చర్చించి ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి