రోజు విడిచి రోజు రాని అమ్మాయి

సంపాదకులకు నమస్కారం.

సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సర్కారు బడుల్లో హాజరు మాట వస్తే అందరూ అడిగేది ఎంత శాతం అనే. నా పేచీ ఆ శాతంతోనే.

నలభై మంది ఉన్న క్లాసులో రోజూ ముప్పై ఆరుగురు వస్తే హాజరు 90 శాతం. పైవాళ్లకు చూపించడానికి బాగుంటుంది. ఏడాదికి 220 రోజులు బడి నడిచిందనుకుంటే మొత్తం 880 గైర్హాజర్లు. అందరికీ పంచితే తలా 22 రోజులు. అదే నలుగురి మీద పడితే ఆ నలుగురూ ఏడాదంతా బడి మొహం చూడనట్టు. రెండింటికీ శాతం ఒక్కటే! అమెరికాలో చాలాచోట్ల పిల్లవాడి పేరు మీదే లెక్క చూస్తారు. జ్వరమైనా, ఇంట్లో పెళ్లయినా సరే, పనిదినాల్లో 10 శాతం పోతే వాడు జాబితాలోకి ఎక్కుతాడు. మన లెక్కలో అది నెలకు రెండు రోజుల చొప్పున.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నెలాఖరున రిజిస్టర్ కూడుతూ, ఎప్పట్లా నిలువుగా కాకుండా ఆ అమ్మాయి వరస అడ్డంగా చూశాను. పీ, ఏ, పీ, ఏ, కుట్టు మిషన్ మీద కుట్టినట్టు. మలేరియా అయితే ఇలాగే వస్తుందని మా సైన్స్ సారు నవ్వారు. ఇంటికెళ్తే సంగతి తెలిసింది. వాళ్ల బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ బడి గంట కొట్టే వేళకే. తల్లి అప్పటికే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లిపోతుంది. రెండు డ్రమ్ములు, బిందెలు నింపేసరికి ముప్పావుగంట. ఆ తర్వాతయినా రావచ్చు కదమ్మా అన్నాను.

"లేటయితే మీరు బయట నిలబెడతారు కదా టీచర్" అంది.

మొదటి పీరియడ్ నాదే. నీళ్లకు పోయింది ముప్పావుగంటే, మిగతా రోజంతా పోయింది నా రూలు వల్ల.

నిలబెట్టడం మానేశాను. పక్కింటావిడ ఒక డ్రమ్ము నింపడానికి ఒప్పుకుంది. తప్పిపోయిన లెక్కలు భోజనాలయ్యాక పది నిమిషాలు చెప్పేదాన్ని. నెల తర్వాత చూస్తే ఆ వరసలో మూడే "ఏ"లు.

అప్పటినుంచి ఒక నోటుబుక్ పెట్టాను, పేజీకి ఒక పిల్లవాడు. ఏయే రోజులు రాలేదు, ఎందుకు, ఏం చేద్దాం, ఎవరు చేస్తారు, మళ్లీ ఏ తేదీన చూస్తాం. ఆ చివరి గడి మీదే నాకు పట్టుదల. మన బడుల్లో సలహాలకు కొదవలేదు, మళ్లీ వెనక్కి వచ్చి చూసేవాళ్లే తక్కువ.

అన్నీ కుదిరాయని చెప్పను. పదో తరగతి అబ్బాయి ఒకడు ముహూర్తాలున్న రోజుల్లో క్యాటరింగ్‌కు వెళ్లేవాడు. మూఢం వచ్చిందంటే వాడి హాజరు నూటికి నూరు. వాళ్ల నాన్న కాలికి దెబ్బ తగిలి ఆటో తీయడం మానేశాడు, ఇంటి కిరాయి వీడి సంపాదన మీదే. వాడి పేజీలో "ఏం చేద్దాం" గడి చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది. పరీక్ష రాశాడు, లెక్కల్లో పోయింది.

ఇప్పుడు ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. మంచిదే. ఆ లెక్కలోంచి నెలకు రెండు రోజులకు మించి మానేసినవాళ్ల పేర్లు తీసి, ఒకటో తారీఖున క్లాస్ టీచర్ చేతికివ్వండి. ఆ వారం స్టాఫ్ మీటింగ్‌లో అరగంట ఆ పేర్ల మీదే మాట్లాడాలి. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మహిళలనూ కూర్చోబెట్టాలి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. ఓటర్ల జాబితాలు, కులగణనలతో టీచర్లకు తీరిక ఎక్కడిదంటారు. నిజమే, కానీ నా క్లాసులో ఇలాంటి పేర్లు ఎప్పుడూ ఐదారుకు మించలేదు. పైగా పిల్లల హాజరు గురించి తల్లిదండ్రులతో కూర్చుని చెప్పడం టీచర్ల విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఓ మెసేజ్ పడేస్తే అది తీరినట్టు కాదు.

మా పాత బడిలో ఇప్పుడు గంట కొట్టగానే గేటుకు తాళం వేస్తున్నారని విన్నాను. ఆ బస్తీలో నల్లా ఇంకా ఆ వేళకే వస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచర్,
వారాసిగూడ, సికింద్రాబాద్