ఆ బొమ్మ వేరే ఆటది

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కంప్యూటర్ ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో 'వన్ మస్ట్ ఫాల్ 2097' అని పేరు రాసి పక్కన వేసిన బొమ్మ ఆ ఆటది కాదండీ. అది 'రైజ్ ఆఫ్ ది రోబోట్స్' అనే ఇంకో ఆటలోది. రెండూ 1994లోనే వచ్చాయి, రెండిట్లోనూ రోబోలే కొట్టుకుంటాయి, పొరపాటు పడ్డారులే అనుకున్నాను. బొమ్మ ఒక్కటే తప్పయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఈ రోబో ఆటల్లో పాత్రలంటూ ఏమీ లేవనీ, ఇనప ముద్దలు గుద్దుకోవడమేననీ చివర్లో తేల్చేశారు చూడండి, అక్కడ మండింది. ఆ మాట మీరు వేసిన బొమ్మకు సరిపోతుంది. మీరు రాసిన పేరుకు సరిపోదు. ఒకడు చేసిన పనికి ఇంకొకడికి దెబ్బలు పడ్డట్టయింది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల మెకానిక్‌ని. లారీలు, ట్రాక్టర్ల ఫ్యూయల్ పంపులు, నాజిళ్లు మా షెడ్డుకు వస్తాయి. మా నాన్న పెట్టిన షెడ్డు. 1997లో నా పదో తరగతి పరీక్షలయ్యాక, "ఈ మడ్డి పని నీకొద్దురా" అని నాన్నే నన్ను గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేర్పించాడు. ఎంఎస్ డాస్, ఫాక్స్‌ప్రో, లోటస్ అని అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్పేవారు. పటమట నుంచి బందరు రోడ్డు మీదుగా సైకిల్ తొక్కుకుంటూ పోయేవాణ్ణి. చెప్పులు బయట విడిచి లోపలికెళ్తే ఏసీ. మే నెల బెజవాడలో ఆ ఏసీ కోసమైనా ఫాక్స్‌ప్రో నేర్చుకోవచ్చు. (ఆ ఫాక్స్‌ప్రో ఏమైందో, నేను మళ్లీ మడ్డి పనికే ఎలా వచ్చానో వేరే కథ.)

సాయంత్రం సార్ టీకి దిగగానే ఒక సీనియర్ జేబులోంచి ఫ్లాపీలు తీసేవాడు. ఈ వన్ మస్ట్ ఫాల్ ఆట ఆ ఫ్లాపీల్లో ముక్కలు ముక్కలుగా ఉండేది. సరిగ్గా చివరి ఫ్లాపీ దగ్గరకొచ్చేసరికి ఎర్రర్ వచ్చి మళ్లీ మొదటికి. మేమేదో దొంగసరుకు ఎక్కిస్తున్నామని ఒకటే టెన్షన్, గుమ్మం దగ్గర ఒకణ్ణి కాపలా పెట్టేవాళ్లం. షేర్‌వేర్ అనే పద్ధతి ఒకటుందనీ, కొంత భాగం ఊరికే పంచుకోండి, నచ్చితే డబ్బు కట్టి మిగతాది తెప్పించుకోండి అని కంపెనీవాళ్లే వదిలారనీ చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆట తయారు చేసింది డైవర్షన్స్ ఎంటర్‌టైన్‌మెంట్, బయటికి తెచ్చింది ఎపిక్ మెగాగేమ్స్. ఇవాళ మన పిల్లలు ఆడే ఫోర్ట్‌నైట్ ఆ ఎపిక్ వాళ్లదే. అప్పట్లో పేరులో మెగా ఉండేది, కంపెనీ చిన్నది.

ఇక పాత్రల సంగతి. ఈ ఆటలో రోబో తనంతట తాను కొట్టదు. దాన్ని నడిపే మనిషి ఉంటాడు. అందుకే వాటిని హార్ అనేవారు, మనిషి ఆసరాతో నడిచే రోబో అని. ముందు పైలట్‌ని ఎంచుకోవాలి, తర్వాత రోబోని. పదిమంది పైలట్లు, పది రోబోలు. ఎవరినైనా దేంట్లోనైనా కూర్చోబెట్టొచ్చు. పైలట్ మొహం పక్కన బలం, చురుకు, ఓర్పు అని మూడు గీతలు ఉండేవి. షిర్రో అనేవాడికి బలం గీత చివరిదాకా నిండి ఉంటుంది, చురుకు మాత్రం అడుగంటి ఉంటుంది. మిలానోది అచ్చం తిరగేసిన సంగతి, కన్ను మూసి తెరిచేలోపు నాలుగు తంతాడు, రెండు తగిలితే పడిపోతాడు. ఇబ్రహీం చురుకులో షిర్రోకి తమ్ముడే గానీ ఎంత కొట్టినా ఓర్చుకుంటాడు. మా షెడ్డుకొచ్చే పాత లారీ ఇంజన్ల లాంటివాడు. పొగ కక్కుతుంది గానీ ఆగదు.

క్రిస్టల్, క్రిస్టియన్ అక్కాతమ్ముళ్లో అన్నాచెల్లెళ్లో మాకు తెలియదు గానీ తోబుట్టువులని మాత్రం తెలుసు. రేవెన్ ఆ కథలోని రోబోల కంపెనీ పెద్దకు బాడీగార్డు. ఆ పెద్ద మేజర్ క్రైసాక్, కంపెనీ పేరు కుదిస్తే వార్ అని వస్తుంది, అంటే యుద్ధం. పోటీ మొదలవ్వకముందు ఇద్దరు పైలట్లూ ఎదురెదురుగా కనబడి చెరో మాటా అనుకునేవారు. ఎదురుపడింది ఎవరన్నదాన్ని బట్టి ఆ మాట మారేది. అందులో వెటకారాలు అర్థంకాక సెంటర్లోనే ఉన్న డిక్షనరీ తీసి చూసేవాళ్లం. నా ఇంగ్లీషుకు పదో తరగతి రీడర్ ఎంత పనికొచ్చిందో ఈ తిట్లూ అంతే పనికొచ్చాయి. ఇన్ని మొహాలు, ఇన్ని మాటలు ఉన్న ఆటను పట్టుకుని పాత్రల్లేవంటే ఎలాగండీ?

రోబోలైనా ఒకదాని పోలిక ఇంకోదానికి ఉండదు. షాడో ఉన్నచోటే నిలబడి తన నీడను పంపి కొట్టిస్తుంది. ష్రెడ్డర్ చేతులు ఊడి ఎగిరొచ్చి తగుల్తాయి. ఫ్లెయిల్‌కి రెండు గొలుసులు, వాటిని తిప్పుతూ వస్తుంటే మా వీధిలో చైన్ పుల్లీ తెగినప్పుడు అందరం పారిపోయిన రోజు గుర్తొస్తుంది. గార్గాయిల్‌కి రెక్కలు. క్రోనోస్ ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది, అవతలి రోబోని కాసేపు కదలకుండా ఆపేస్తుంది కూడా. ఎలెక్ట్రా మెరుపు బంతులు విసురుతుంది, వెల్డింగ్ వెలుగును ఉండ చుట్టి విసిరినట్టు. పదకొండోది నోవా. అది క్రైసాక్‌ది, దాని జోలికి మనల్ని రానివ్వరు. గ్రెనేడ్లు, మిస్సైళ్లు, ఆ పైన నేలను గుద్దితే వచ్చే అదురు. సెంటర్లో దాన్ని ఓడించినవాడు ఒక్కడే ఉండేవాడు, వాడి ఫీజు బాకీ గురించి సార్ కూడా గట్టిగా అడిగేవాడు కాదు.

మొదట్లో తయారుచేసిన నమూనాలో రోబోలే లేవట, ఇద్దరు కరాటేవాళ్లు కొట్టుకునేవారట. ఆ నమూనాను తర్వాత ఇంటర్నెట్‌లో చూశాను. ఆ మనుషుల్ని తీసి పారెయ్యకుండా రోబోల్లో కూర్చోబెట్టారని నాకనిపించింది.

మీరు వేసిన బొమ్మలోని ఆట సంగతి కూడా చెప్పాలి. రైజ్ ఆఫ్ ది రోబోట్స్ చూడ్డానికి భలే ఉండేది, రోబోల ఒళ్లు తళతళలాడేది. పత్రికల్లో ముందునుంచీ ఒకటే ఊదరగొట్టారు. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే పేరు కూడా వాడుకున్నారు. తీరా చూస్తే ఒంటరిగా ఆడేవాడికి సైబోర్గ్ ఒక్కటే దిక్కు, ఇంకో రోబోని ఎంచుకోనివ్వరు. ఎదుటివాడి మీదుగా దూకి అవతలికి పోవడానికి లేదు. లోపల మనిషి లేడు, కూర్చునే చోటూ లేదు. లోడర్, బిల్డర్, క్రషర్ అని వాటి పేర్లు మాత్రం మా ఆటోనగర్ బోర్డుల్లా ఉండేవి. ఇనప ముద్దలు అన్న మీ మాట దీనికి చెల్లుతుంది, నాకేం అభ్యంతరం లేదు.

వన్ మస్ట్ ఫాల్‌లో నన్ను పట్టేసింది మాత్రం టోర్నమెంట్. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి పోటీలో దిగాలి. గెలిస్తే డబ్బొస్తుంది, కానీ చేతికి మొత్తం రాదు. పోరాటంలో మన రోబోకి తగిలిన దెబ్బల రిపేరు ఖర్చు అందులోంచి కోసేస్తారు. మిగిలినదాంతో చేతుల బలమో, కాళ్ల వేగమో, ఒంటి మీది కవచమో కొనుక్కోవాలి. పైలట్‌కి ట్రైనింగ్ కావాలంటే అదీ డబ్బే. పోటీ అయ్యాక టీవీలో వార్తలు చదివినట్టు ఎవరెలా గెలిచారో చెప్పేవారు.

ఒకరోజు చీకటి పడినా నేను ఇంటికి రాలేదని నాన్న స్కూటర్ వేసుకుని సెంటర్‌కు వచ్చాడు. చెప్పులు విడిచి, మడ్డి చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. నా రోబో జాగ్వార్ చావుతప్పి గెలిచింది. డబ్బు పడింది, రిపేరు కింద చాలావరకు పోయింది. చెంప మీద పడుతుందనుకున్న నాకు వెనకనుంచి "అంతెందుకు కోశాడ్రా?" అని వినబడింది. రోబో రిపేరు నాన్నా అన్నాను. కాసేపు స్క్రీన్ వంక చూసి, "మరి రిపేరు చేసే పని కనబడదేం?" అన్నాడు.

దానికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. పదిమంది పైలట్లున్నారు, వార్తలు చదివేవాళ్లున్నారు, ఊడిన చెయ్యి మళ్లీ బిగించే పని మాత్రం చూపించరు. ఆట మీద పడాల్సిన నింద ఏదైనా ఉంటే అది ఇదీ, మీ వ్యాసంలో రాసింది కాదు. ఆ రోజు ఇంటికొచ్చాక వీపు మీద పడాల్సినవి పడ్డాయి, అది వేరే లెక్క.

గుంటూరు నుంచి మా మేనమామ కొడుకు సెలవులకు వచ్చేవాడు. ఇద్దరం ఒకే కీబోర్డు మీద ఆడేవాళ్లం, వాడు ఆ చివర, నేను ఈ చివర. ఆ పాత కీబోర్డులు ఒకేసారి నాలుగైదు మీటలు నొక్కితే తట్టుకోలేవు, కొత్తగా నొక్కింది పట్టించుకోవు. ఇది కనిపెట్టాడు మా బావ. నేను తన్నబోయే సమయానికి తన వైపు మీటలన్నీ అరచేత్తో అదిమేసేవాడు. నా రోబో కొయ్యబారి నిలబడేది. "ఏం బావా, నీ లారీ కమాన్ కట్ట లోడ్ ఎక్కువై విరిగిందా?" అని ఎకసెక్కం. వాడి చెయ్యి మీద కొట్టానని మా అత్తయ్య మా అమ్మతో వారం మాట్లాడలేదు.

ఇంకొకటి, ఆ సెంటర్ కంప్యూటర్లకు సౌండ్ కార్డు లేదు. ఎండాకాలమంతా మూగగా ఆడాం. ఢాం, ఫట్ లాంటివన్నీ నోటితోనే. 1999లో ఆటను మొత్తంగా ఉచితం చేశారని తర్వాత తెలిసి, పాత ఆటల్ని కొత్త కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఎక్కించుకుని ఇంట్లో మళ్లీ పెట్టినప్పుడు మొదటిసారి దాని పాట విన్నాను. కెన్నీ చౌ కట్టిన బాణీ. అన్ని వందల పోట్లాటలు ఈ పాట లేకుండా ఆడామా అని కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి లారీ ఎవరిదో పోయిందా, అంత దిగాలుగా ఉన్నారేంటి అంది.

కాబట్టి నేను కోరేది చిన్నది. వచ్చే ఆదివారం బొమ్మ మార్చి వేయండి, కింద సవరణ అని ఒక ముక్క రాయండి. ఉత్తరం పొడుగైతే మా బావ సంగతి తీసెయ్యండి, పైలట్ల పేర్లు మాత్రం ఉంచండి. వ్యాసం రాసినాయన ఆ ఆట ఆడి చూడకుండా రాశారేమోనని నా అనుమానం, తప్పయితే క్షమించాలి. ఆడాలనుంటే కొనక్కర్లేదు. ఉచితంగానే దొరుకుతుంది, దాన్ని కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు ఓపెన్ ఓఎంఎఫ్ పేరుతో మళ్లీ రాస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం మా షెడ్డు పైగదిలో కంప్యూటర్ ఖాళీగానే ఉంటుంది, రమ్మనండి. రెండు కీబోర్డులు పెడతాను.

ఇట్లు,
ఒక డీజిల్ పంపుల మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ