టెక్స్‌టైల్ రైడింగ్ జాకెట్ ఎంపికలో తోడ్పడిన మిత్రులకు కృతజ్ఞతలు

మోటార్‌సైకిల్ మీద రోజువారీ తిరుగుడుకూ అప్పుడప్పుడూ చేసే దూర ప్రయాణాలకూ తోలుతో కాకుండా బట్టతో కుట్టిన టెక్స్‌టైల్ జాకెట్ ఒక్కటే సరిపోతుందా, సరిపోయేటట్లయితే దాన్ని ఏయే విషయాలు చూసి ఎంచుకోవాలి అని నేను అడిగినప్పుడు ఓపికగా జవాబిచ్చిన మిత్రులందరికీ పేరుపేరునా నమస్కారాలు. జాకెట్ కొన్నాను, ఎండలోనూ వానలోనూ వేసుకున్నాను, తృప్తిగా ఉన్నాను. మీలో ఒక్కరు కూడా ఫలానా కంపెనీది తీసుకోండి అని తేల్చేసి ఊరుకోలేదు. ఎవరికి తెలిసిన సంగతిని వారు విడమరచి చెప్పడం వల్ల సౌకర్యం, రక్షణ అనేవి ఒకదాన్ని వదులుకుంటే తప్ప మరొకటి దక్కని వస్తువులు కావనీ, ఒంటిమీద నిలవని జాకెట్‌కు ఎంత పెద్ద ధ్రువపత్రం ఉన్నా ప్రయోజనం లేదనీ నాకు స్పష్టమైంది. ఇదే అన్వేషణలో ఉన్న మరికొందరికి పనికొస్తుందని ఆ సంగతులను కూడా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, జాకెట్ లోపల కుట్టిన చీటీని చదవడం నేర్పిన మిత్రునికి కృతజ్ఞతలు. యూరప్ భద్రతా నిబంధనలకు సరిపోతుందని తెలిపే ‘సీఈ’ అన్న అక్షరాలు దుకాణంలో జాకెట్ మీద కనిపించగానే సరిపెట్టుకోకూడదనీ, చాలాసార్లు ఆ గుర్తు దెబ్బను అడ్డుకునే లోపలి ప్యాడ్లకు మాత్రమే చెందుతుందనీ, బట్టకూ కుట్టుకూ కలిపి పరీక్ష జరిగిందో లేదో తెలియాలంటే ఈఎన్ 17092 అన్న ప్రమాణం కోసం వెతకాలనీ ఆయన చెప్పారు. 2020లో వెలువడిన ఈ యూరోపియన్ ప్రమాణంలో ఏఏఏ, ఏఏ, ఏ అని మూడు ప్రధాన తరగతులున్నాయి. వీటికి తోడు బీ, సీ అని మరో రెండున్నాయి. బీ తరగతి దుస్తులు రాపిడిని ‘ఏ’ తరగతి స్థాయిలోనే తట్టుకున్నా వాటిలో ప్యాడ్లు ఉండవు. సీ తరగతివి ప్యాడ్లను పట్టి ఉంచడానికే తప్ప రాపిడి నుంచి కాపాడడానికి కావు. పరీక్షలో బట్ట ముక్కలను వేగంగా తిప్పుతూ కాంక్రీటు పలక మీదికి వదిలి, అవి ఆగేలోపు చిల్లు పడిందా లేదా అని చూస్తారు. భుజాలు, మోచేతుల వంటి ఎక్కువ ప్రమాదమున్న చోట్ల వాడే బట్టకు ఆ వేగం ఏఏఏ తరగతిలో గంటకు 120 కిలోమీటర్లకు, ఏఏలో 70కి, ఏలో 45కి సమానంగా ఉంటుంది. ఇవి ప్రయోగశాల అంకెలేననీ, ఆ వేగంతో పడినా ఏమీ కాదన్న హామీ ఇందులో లేదనీ ఆయన ఒకటికి రెండుసార్లు హెచ్చరించారు. ప్రమాదం తక్కువగా ఉండే భాగాలకు నిబంధనలు సడలుతాయి కనుకనే చేతుల లోపలివైపు పలుచని మెష్ (జాలీ బట్ట) పెట్టిన జాకెట్ కూడా మంచి తరగతిని అందుకోగలుగుతుందన్న మాట నాకు ఎంతో పనికొచ్చింది.

నేత మిల్లులో పనిచేసిన అనుభవమున్న పెద్దాయనకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క మాత్రమేనని ఆయన వివరించిన తర్వాత, 600 డెనియర్ పాలియెస్టర్ 500 డెనియర్ నైలాన్ కంటే గట్టిదని చెప్పే ప్రకటనలను చదివే తీరే మారిపోయింది. నూలు బరువుతో పాటు అది ఏ పదార్థంతో చేసినదో, ఎంత బిగువుగా నేసినదో కూడా చూడాలి. రోడ్డు మీద జారేటప్పుడు రాపిడితో పాటు వేడి పుడుతుంది. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే నైలాన్ 6,6 సుమారు 260 డిగ్రీలు దాటేవరకు ఆగుతుంది. ఇంతా చెప్పి, అసలు చూడవలసినది కుట్టు అన్నారాయన. బట్ట ఎంత గట్టిదైనా పైకి కనిపించే ఒంటి కుట్టు అరిగితే జాకెట్ అక్కడే నోరు తెరుస్తుంది కాబట్టి, భుజం మీదా మోచేతి మీదా అతుకులు రాకుండా ఉన్నవాటిని, అతుకు ఉన్నచోట లోపల దాగిన మరో కుట్టు ఉన్నవాటిని ఎంచుకోమన్నారు. జాకెట్‌ను తిరగేసి అతుకులు పరీక్షిస్తుంటే దుకాణంలో వాళ్లు వింతగా చూశారు, చూడనిద్దాం.

ప్యాడ్ల విషయంలో అంకెలతో సహా వివరించిన సోదరికి ధన్యవాదాలు. మోచేతులు, భుజాల ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వీపు ప్యాడ్‌కు ఈఎన్ 1621-2 వర్తిస్తాయి. 50 జౌల్స్ శక్తితో దెబ్బ వేసినప్పుడు ప్యాడ్ దాటి అవతలికి చేరే బలం మోచేతుల వంటి చోట్ల సగటున మొదటి స్థాయిలో 35 కిలోన్యూటన్లకు, రెండో స్థాయిలో 20కి మించకూడదు. వీపుకైతే ఆ పరిమితులు 18, 9. చాలా జాకెట్లలో వీపు అరలో ఉండేది ఏ పరీక్షా జరగని మామూలు స్పాంజి ముక్కేనని ఆమె చెప్పినందువల్ల ఆ అర కొలతలు తీసుకుని, దానికి సరిపోయే రెండో స్థాయి ప్యాడ్ విడిగా కొన్నాను. వెన్నెముక విపరీతంగా వంగినా మెలితిరిగినా కలిగే గాయాలను ఏ ప్యాడూ ఆపలేదన్న నిజాన్ని కూడా ఆమె దాచలేదు.

అయితే అందరి సలహాల్లోకీ నా నిర్ణయాన్ని ఎక్కువగా ప్రభావితం చేసినది, బండి మీద నుంచి పడి లేచిన అనుభవాన్ని పంచుకున్న మరో సోదరి మాట. పడినప్పుడు ఆమె జాకెట్ చిరగలేదు, ప్యాడ్ పగలలేదు. జాకెట్ చెయ్యి వదులుగా ఉన్నందువల్ల ప్యాడ్ పక్కకు తిరిగిపోయి మోచేతి ఎముక నేరుగా నేలను తాకింది. అద్దం ముందు నిలబడి కొలత చూసుకోవద్దనీ, ఆగి ఉన్న బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూసుకోవాలనీ ఆమె పట్టుబట్టారు. అలా కూర్చున్నప్పుడు మోచేతి కొన ప్యాడ్ గుంటలో సరిగ్గా ఇమడాలి. రెండో చేత్తో ప్యాడ్‌ను పట్టి తిప్పితే అది కదిలిపోకూడదు. మణికట్టు బయటపడకూడదు, వెనక్కి తిరిగి చూసినప్పుడు కాలరు మెడను ఒరుసుకోకూడదు. దండ చేతికీ ముంజేతికీ బిగించుకునే పట్టీలు అలంకారం కోసం పెట్టినవి కావు. జాకెట్‌ను ప్యాంటుతో కలిపే జిప్, మనం రోడ్డు మీద జారేటప్పుడు జాకెట్ వీపు మీదికి లేచిపోకుండా ఆపుతుంది. ఈ ఒక్క పరీక్షతోనే నేను ముచ్చటపడిన ఏఏఏ జాకెట్ పక్కకు తప్పుకుంది. బరువుగా, బిరుసుగా ఉన్న ఆ జాకెట్‌లో భుజాలు పట్టేసినట్లుండి, దగ్గరి ప్రయాణాలకు దాన్ని తప్పకుండా ఇంట్లో వదిలేస్తానని తెలిసిపోయింది. ఒంటికి పట్టిన ఏఏ జాకెట్‌నే తీసుకున్నాను.

ఎండ సంగతి రాసిన మిత్రులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2018 నుంచి నడుస్తున్న, రైడింగ్ దుస్తులను పరీక్షించి రేటింగ్ ఇచ్చే మోటోక్యాప్ అనే కార్యక్రమం గురించి చెప్పారు. అక్కడ రక్షణకూ వేడిలో సౌకర్యానికీ వేర్వేరుగా నక్షత్రాలు ఇస్తారు. ఒంట్లో వేడి పేరుకుంటే ఏకాగ్రత సన్నగిల్లుతుంది కనుక రెండింటినీ కొలవడం న్యాయమేననిపించింది. ఛాతీ మీద గాలి లోపలికి వచ్చే దారులు ఎన్ని ఉన్నా, వీపు మీద అది బయటికి పోయే దారి లేకపోతే జాకెట్ బెలూన్‌లా ఉబ్బడమే తప్ప చల్లబడదన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. గాలి మన శరీరం కంటే వేడిగా ఉన్న రోజున మాత్రం చెమట ఆవిరి కావడం ఒక్కటే మనల్ని చల్లబరుస్తుంది. లోపలి చొక్కాను తడుపుకుని బయలుదేరమన్న చిట్కా ఎంతో హాయినిచ్చింది.

వాన విషయంలో మీలో ఏకాభిప్రాయం కుదరలేదు. నీరు చొరని పొరను పైబట్టకే అతికించిన జాకెట్ మేలని కొందరు, లోపల విడిగా తగిలించే నీరు చొరని లైనర్ (లోపలి పొర) చాలని కొందరు వాదించారు. లైనర్ పద్ధతిలో ఒళ్లు పొడిగానే ఉన్నా పైబట్ట నీళ్లు పీల్చి బరువెక్కి చలి పుట్టిస్తుంది. అతికించిన పొర ఈ తంటా తప్పించినా ఎండలో గాలిని అంతగా ఆడనివ్వదు. జాకెట్ మీద తొడుక్కునే పలుచని వాన కోటు ఒకటి సంచిలో పెట్టుకోమన్నవారి వైపే చివరికి మొగ్గాను. తోలు జాకెట్‌నే సమర్థించిన మిత్రుని వాదనలోనూ బలముంది. మంచి తోలు రాపిడిని తట్టుకునే తీరును నేను కాదనను. ఎండా వానా రెండూ ఉన్న నా తిరుగుడుకు అది కుదరదంతే.

నేను కొన్న తర్వాత కూడా గుర్తుపెట్టుకుని ఉతికే పద్ధతి రాసి పంపిన మిత్రునికి చివరిగా ధన్యవాదాలు. ఆయన చెప్పినట్లే ప్యాడ్లన్నీ బయటికి తీసి, జిప్‌లు మూసి, బట్టను మెత్తబరిచే ద్రావణం ఏదీ కలపకుండా తక్కువ సబ్బుతో ఉతికి నీడన ఆరబెట్టాను. మోచేతి ప్యాడ్లను తిరిగి పెట్టేటప్పుడు కుడి ఎడమలు తారుమారు కాకుండా ముందే గుర్తు పెట్టుకోమన్న ఆయన సూచనను కూడా అక్షరాలా పాటించాను.