ముందు జీరో బల్బు సంగతి చెప్పండి

సంపాదకునికి,

ఇంధన పొదుపు వారోత్సవాల్లో ‘ఇంటింటా ఎల్‌ఈడీ’ అని అధికారులు ఇచ్చిన పిలుపు మీ పత్రికలో వచ్చి వారం దాటింది. ఫొటోలో బ్యానరు ఉంది, దాని వెనక వరుసగా అధికారులున్నారు. ఏ బల్బు కొనాలో, దాన్ని ఎక్కడ పెట్టకూడదో మాత్రం ఒక్క ముక్క లేదు.

2015లో తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చినప్పటి నుంచీ ఇదే పాట. ఎల్‌ఈడీతో కరెంటు ఆదా అని తెలియనివారు ఇప్పుడెవరు? తెలంగాణలో గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా కాబట్టి లెక్క చూడటం మానేశారంతే. 201వ యూనిట్ తిరిగిందో, మొదటి యూనిట్ నుంచే రూ.5.10 చొప్పున లెక్క కడతారు. వెయ్యి దాటిన బిల్లు చేతిలో పడ్డాక మీటరును తిట్టుకుంటారు.

ఆ గీత దాటించేవాటిలో జీరో బల్బు ఒకటి. పేరుకే జీరో, పాతరకం అయితే 15 వాట్ల దాకా తింటుంది. రాత్రికి పది గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. అర వాట్ ఎల్‌ఈడీకి ఆరు నెలలైనా ఒక్క యూనిట్ కాదు. పాత ట్యూబ్‌లైటు 40 వాట్లంటారు గానీ రాగి చోక్ మరో 12 వాట్లు మింగుతుంది. అదే పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు బిగిస్తే ముందు మెయిన్ ఆపి, ట్యూబు మీది బొమ్మ చూడాలి. కొన్నిటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొసకు ఇవ్వాలి, కొన్నిటికి చెరో కొసకు. చూడకుండా కలిపితే షార్టే.

‘ఎల్‌ఈడీలు మాడిపోతున్నాయి’ అనేది ఇంకో ఫిర్యాదు. మాడేది చాలాసార్లు దీపం కాదు, దానికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే లోపలి సర్క్యూట్, అంటే డ్రైవరు. గాలి ఆడని గాజు బుడ్డీలో బిగిస్తే వేడికి అందులోని కెపాసిటర్ ఎండిపోతుంది. సంతలో పేరూ ఊరూ లేని బల్బుల్లో ఓల్టేజీ పోటును తట్టుకునే భాగమే ఉండదు. ఎంత కరెంటు ఆదా చేస్తుందో చుక్కల్లో చెప్పే స్టార్ లేబుల్ ఎల్‌ఈడీ బల్బులకు 2018 నుంచి తప్పనిసరి. అది లేని సరుకు బహిరంగంగా అమ్ముతుంటే ఆపాల్సినవారు రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. కొనేటప్పుడు వాట్లతో పాటు ల్యూమెన్లూ, అంటే వెలుతురు కొలతా, చూడాలి. 9 వాట్లకు 900 ఉంటే పాత 60 వాట్ల బల్బును మించిన వెలుతురే.

స్విచ్ ఆపినా బల్బు మిణుకుమంటోందా? చాలా ఇళ్లలో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టి ఉంటారు. అలాంటిచోట స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. లైన్‌మన్‌తో సరిచేయించాలి. ఆయన దొరికితే!

ఉజాలా బల్బులకు మూడేళ్ల గ్యారంటీ అన్నారు. మాడినవి ఎక్కడ మార్చాలో ఊళ్లో ఎవరికైనా చెప్పారా? సబ్‌స్టేషన్ గోడ మీద ఒక కాగితం అంటించలేరా? ఇక థర్డ్ వైర్ (వీధిదీపాలను విడిగా ఆపి వేసేందుకు లాగే తీగ) లేని పల్లెల్లో వీధిదీపాలు మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటాయి. వచ్చే ఏడు బ్యానరు కట్టేది ఎలాగూ ఆ స్తంభానికే కదా, అప్పుడైనా ఒకసారి తలెత్తి చూడమనండి.

— ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా